గురువుగారి మూకుడు

పోయిన వారం కూడా ఫోనొచ్చింది. గొంతు కొత్తది గానీ మాటలు పాతవే.

"హోక్ గారున్నారా ఆంటీ? కో గురువుగారి ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను."

"లేరమ్మా."

"ఎప్పుడొస్తారు?"

"రారు."

"ఫర్వాలేదు ఆంటీ, వచ్చాక చెప్పండి. పాత శిష్యులకి కొత్త తరగతి మొదలెడుతున్నాం. నెలాఖరు దాకా ఫీజు తగ్గింపు."

పెట్టేశాను. మనిషి పోయి రెండు చలికాలాలు దాటినా ఆ ఆఫీసు వాళ్ళకి మా ఆయన ఇంకా బతికే ఉన్నాడు. ఫీజు కట్టినవాడికి వాళ్ళ దగ్గర చావు లేదు.

తైవాన్ దక్షిణాన మా నేమెన్ కొండల్లో మా ఆయన్ని అందరూ హోక్ మేస్త్రి అనేవాళ్ళు. పెళ్ళయినా, పసిపిల్లకి నెల నిండినా, ఇంట్లో పెద్దాయనకి ఎనభై దాటినా ముందు ఆయనకే కబురు. వీధికి అడ్డంగా చారల షామియానా లేచేది, గుండ్రటి బల్లల మీద ఎర్ర గుడ్డలు పడేవి, తెల్లారేసరికి మా లారీ వచ్చి ఆగేది. అందులోంచి పొయ్యిలు దిగేవి, మనిషెత్తు ఆవిరి పెట్టెలు దిగేవి, రబ్బరు బూట్లేసుకున్న ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ దిగేవాళ్ళు, ఆఖరున బనీనుతో ఆయన దిగేవాడు. మధ్యాహ్నానికి పన్నెండు రకాలు, పొగలు కక్కుతూ, బల్లల మీద ఉండేవి. ఆ పనిలో ఆయనకి వంక పెట్టినవాడిని నేను చూడలేదు. నేనే పెట్టలేకపోయాను, ఇంకొకళ్ళేం పెడతారు.

ఆ పని ఆయన నేర్చుకున్న తీరు చెప్పాలి, ఎందుకంటే తర్వాత చేసిన తెలివితక్కువ పనులన్నీ అందులోంచే వచ్చాయి. చిన్నప్పుడే పూయీ మేస్త్రి అనే ఆయన దగ్గర చేరాడు. వడ్రంగమైనా, క్షవరమైనా, వంటైనా గురువు దగ్గర చాకిరీ మూడేళ్ళ నాలుగు నెలలు, జీతం లేకుండా, అది అందరికీ ఉన్నదే. పూయీ మేస్త్రి ఒక్క ముక్క నేర్పలేదు. గిన్నెలు తోమించాడు, బాతులు కోయించాడు, తన పిల్లల్ని ఎత్తించాడు. పులుసులో ఏం వేస్తున్నాడో కనపడకుండా వీపు అడ్డం పెట్టి వేసేవాడట. "ఉప్పెంత" అని అడిగితే గరిటె తిరగేసి నెత్తిన ఒక్కటిచ్చేవాడట. మా ఆయన ఖాళీ మూకుడు తోమే ముందు అడుగున మిగిలింది వేలితో తుడిచి నాకేవాడు. అలా నాకి నాకి పన్నెండు రకాలూ పట్టేశాడు.

దాంతో ఆయన బుర్రలో ఒక నమ్మకం గడ్డకట్టుకుపోయింది. అడగ్గానే చెప్పేవాడు గురువు కాదు, దాచేవాడే గురువు. మూకుడు దగ్గర అది నిజమే కావచ్చు. బయట లోకంలో దాచేవాళ్ళలో కొందరి దగ్గర దాచడానికి కూడా ఏమీ ఉండదని ఆయనకి తట్టలేదు.

మాకు ఒక్కతే కూతురు, బీయున్. చదువు అబ్బలేదు గానీ చెయ్యి అబ్బింది. వాళ్ళ నాన్న వెనకాల తిరుగుతూ చేపని ముక్క చెదరకుండా ఆవిరి మీద నుంచి తియ్యడం, వందమందికీ అన్నం ఒకే పదునులో దించడం పట్టుకుంది. ఆయన మోకాళ్ళు అరిగిపోయాక ఒకరోజు తనే దాన్ని పిలిచి, "రెండో నెలలో గ్వాన్‌యిన్ అమ్మవారి జాతర విందుకి మొదటి మూకుడు దగ్గర నువ్వే నిలబడు. ఆ రోజు నుంచి లారీ నీది, పొయ్యిలు నీవి," అన్నాడు. అది చిషాన్ బజారులో ఫలహారాల కొట్టు ఉద్యోగం మర్నాడే మానేసింది. ఊరంతా చెప్పుకుంది. అడ్వాన్సులు కూడా తన పేరు మీదే తీసుకుంది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. మోకాళ్ళు అరిగిన మనిషి ఇంట్లో కూర్చుని టీ తాగితే సరిపోయేది. ఆయనకి కూర్చుని సంపాదించాలని పుట్టింది.

చిషాన్‌లో షేర్ల హాలు ఉంది. ఆడవాళ్ళు కూరల బుట్టలు కాళ్ళ దగ్గర పెట్టుకుని, బోర్డు మీద అంకెలు పెరిగి ఎర్రబడితే నవ్వుకుంటూ, పడిపోయి పచ్చబడితే తిట్టుకుంటూ, బేరాలు మూసేదాకా అక్కడే కూర్చుంటారు. వాళ్ళ మధ్య ఈయనొకడు చేరాడు. మొదట్లో కొంచెం పోయింది. పోయినందుకు బాధపడితే మంచి మనిషే అనుకునేదాన్ని. ఆయన బాధపడలేదు, కారణం కనిపెట్టాడు.

"గురువు లేకుండా మూకుడు పట్టుకున్నాను. మాడదా మరి," అన్నాడు.

అప్పుడు దొరికాడు కో గురువు. దొరికాడంటే టీవీలో. రోజూ మధ్యాహ్నం, బేరాలన్నీ అయిపోయాక, నూనె పెట్టి అంటించిన జుట్టుతో, చేతిలో కర్రతో బోర్డు ముందు నిలబడి వంకర గీతల మీద కొడుతూ మాట్లాడేవాడు. నలభై కూడా ఉండవు. "ఈ షేరు ఇక్కణ్ణించి పడకపోతే పెరుగుతుంది. ఎక్కినవాళ్ళు ఎక్కారు. ఎక్కనివాళ్ళు నాకు ఫోన్ చెయ్యండి," అనేవాడు.

"పడకపోతే పెరుగుతుందని మన పిల్లి కూడా చెబుతుంది," అన్నాన్నేను.

"అదేనే నువ్వు చూడాల్సింది. అసలు సంగతి ఎక్కడా బయటపెట్టట్లేదు చూశావా," అన్నాడు ఆయన కళ్ళు మెరుస్తూ. "దాస్తున్నాడు. ఇతనే."

ఫీజు కట్టేశాడు. ఊరికే కడితే టీవీ చూసి కట్టే వెయ్యిమందిలో ఒకడు. మా ఆయన అంతటితో ఆగే మనిషా. పాతకాలం పద్ధతిలో శిష్యుడిగా చేరాలని పట్టుబట్టాడు. ఆకుకూర కట్ట, తామర గింజలు, ఎర్ర చిక్కుళ్ళు, ఖర్జూరాలు, ఎండబెట్టిన మాంసం, అన్నీ ఎర్ర కాగితంలో చుట్టి, నన్ను కూడా తీసుకుని కావ్‌షియుంగ్ నగరానికి బస్సెక్కాడు. బ్యాంకు మీద ఏడో అంతస్తులో ఆఫీసు. వరసగా ఫోన్లు, వాటి ముందు ఆడపిల్లలు. ఆకుకూర ఎక్కడ పెట్టాలో వాళ్ళకి తెలియక కంప్యూటరు మీద పెట్టారు.

మా ఆయన ఎర్ర కవరు రెండు చేతులతో ఇచ్చి, ఆ నున్నటి నేల మీద, ఆ మోకాళ్ళతో, వంగి కూర్చుని టీ కప్పు పైకెత్తాడు. గురువు మొహంలో ముందు కంగారు కనపడింది. ఎవడో పిచ్చివాడనుకున్నాడు కాబోలు. తర్వాత నెమ్మదిగా లెక్క కనపడింది.

"అయ్యయ్యో, లేవండి హోక్ గారూ, పెద్దవారు," అన్నాడు.

టీ తాగాడు. కప్పు కింద పెట్టాడు. "ఆ కిటికీ దగ్గర పూలకుండీ ఎండిపోతోంది, కాసిని నీళ్ళు పొయ్యి, హోక్," అన్నాడు. గౌరవం టీతో పాటే గొంతులో దిగిపోయింది. మా ఆయన ఎంత సంతోషంగా నీళ్ళు పోశాడంటే, నాకు పక్కనున్న ఆడపిల్లల మొహాలు చూడాలంటే సిగ్గేసింది.

ఆ రోజు నుంచి తెల్లవారగట్లే లేచి మొదటి బస్సుకి పోయేవాడు. సాయంత్రం వచ్చేవాడు.

"ఏం నేర్పాడు?"

"ఇంకా ఏమీ నేర్పలేదు."

"మరి ఏం చేశారు పొద్దస్తమానం?"

"కారు కడిగాను. సూటు ఇస్త్రీకిచ్చాను. మధ్యాహ్నం ఆయనకి పులుసు కాచాను. రెండుసార్లు పోయించుకున్నాడు."

"నెల దాటింది."

"నెలకే నేర్పేస్తే వాడేం గురువే. నీకు తెలియదు, ఊరుకో."

కూరలు తరిగే ఆడవాళ్ళలో ఆచున్ అనే ఆమె ఉంది, ఆమె నోటికి జడవని మనిషి లేడు. మా గుమ్మంలో వెల్లుల్లి ఒలుస్తూ, "ఏం వదినా, మీ ఇంట్లో అరవై దాటిన కుర్రాడొకడు కొత్తగా పనిలో చేరాడటగా. వింతేమిటంటే జీతం వాడే ఎదురు కడుతున్నాడట," అంది. మిగతావాళ్ళు చేతులు ఆపి నవ్వారు. బీయున్ నవ్వలేదు. కత్తి నూరుకుంటూ ఉండిపోయింది.

గురువు ఆఫీసు నుంచి శిష్యులకి అప్పుడప్పుడు ఫోన్లో ఒక మాట వచ్చేది. ఫలానా షేరు కొనండి. ఒకసారి గాజు పలకలు చేసే ఏదో కంపెనీ అన్నారు. మా ఆయన దాచుకున్నదాంట్లో సగం అందులో పెట్టాడు. కొన్నప్పుడు ఎర్రగా ఉంది. ఆ వారం తిరిగేలోపు బోర్డు మీద అది పాలకూర రంగుకి వచ్చేసింది. గురువు దగ్గరికి పోయి అడిగాడట. "నీ మనసు ఇంకా పండలేదు హోక్. నువ్వు భయపడ్డావు, అందుకే పడింది," అన్నాడట గురువు.

తైవాన్ మొత్తం మీద షేరు ధర మా ఆయన భయాన్ని బట్టి నడుస్తుందని అప్పుడే తెలిసింది నాకు.

ఈ మాట ఇంటికొచ్చి ఎలా చెప్పాడనుకున్నారు? నెత్తి తడుముకుంటూ, మురిసిపోతూ. "ఈవాళ దెబ్బ పడిందే. అచ్చం పూయీ మేస్త్రి గరిటెలాగే. గురువు కొట్టడం మొదలెట్టాడంటే నా మీద దృష్టి పడిందన్నమాట." పోయిన డబ్బంతా ఆయనకి గరిటె దెబ్బ కిందే లెక్క. ఎంత పోతే అంత పాఠం. ఇలా అనుకునే మనిషి దొరకడం ఆ గురువు పూర్వజన్మ పుణ్యం. మిగతా శిష్యులు డబ్బు పోతే కనీసం ఫోన్ చేసి తిట్టేవాళ్ళు.

చలి మొదలయ్యాక ఒక సాయంత్రం ఆయన వింత కళతో వచ్చాడు. అన్నం ముందు కూర్చుని కూడా తినే పుల్లలు ముట్టుకోలేదు.

"గురువు పిలిచి చెప్పాడు. లోపలి గది తలుపు తీసే సమయం వచ్చిందట. కొద్దిమందికే. అందులో ఆయన అసలు పద్ధతి చెబుతాడు."

"ఊరికేనా?" అన్నాను.

"ఊరికే ఎలా చెబుతాడే." గిన్నె పక్కకి జరిపాడు. "అవతలి కొండ ఊరి ఛువా మేస్త్రికి కబురు పెట్టాను. లారీ, పొయ్యిలు, ఆవిరి పెట్టెలు అన్నీ కలిపి తీసుకుంటానన్నాడు."

బీయున్ చేతిలో గిన్నె చప్పుడు కాకుండా కింద పెట్టింది.

"జాతరకి నేను అడ్వాన్సులు తీసుకున్నాను నాన్నా."

"ఒక్క ఏడాది ఆగు. నాకు విద్య వచ్చాక ఇలాంటివి మూడు లారీలు కొనిపెడతాను."

"ఉద్యోగం మానేశాను. ఊళ్ళో ప్రతి గుమ్మానికీ వెళ్ళి నేనే మేస్త్రినని చెప్పుకున్నాను. లారీ లేకపోతే నేను దేన్తో వండాలి, అమ్మ టీ కెటిల్‌తోనా?"

"గురువు మాట కాదనకూడదే."

"సరే, ఒక్క మాట చెప్పు. పూయీ తాత నీకేమీ నేర్పలేదు. మరి నీకెలా వచ్చింది?"

"మూకుడు నాకి."

"అంటే ఆయన నీ కళ్ళ ముందు వండేవాడు. జనం తినేవాళ్ళు. అడుగున ఏదో మిగిలేది, నువ్వు నాకేవాడివి. అంతేనా?" బీయున్ గొంతు పెంచలేదు. "ఈయన నీ కళ్ళ ముందు ఎప్పుడైనా ఒక్క షేరు కొన్నాడా? ఒక్కటి అమ్మాడా? నువ్వు నాకడానికి ఈయన మూకుడేది నాన్నా?"

మా ఆయన గిన్నె మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. "చూస్తాను," అన్నాడు. "గురువుగారి ఏడాది ఆఖరు విందు అయ్యాకే ఛువాని రమ్మన్నాను. ఈలోపు మూకుడు చూస్తాను. చూసి వచ్చానంటే మాత్రం ఇంక అడ్డం పడకూడదు నువ్వు."

"చూసి వస్తే నేనే లారీ కడిగి ఇస్తాను," అంది అది.

తర్వాత వారమంతా ఆయన బేరాలు జరిగే వేళ గురువు గది వదల్లేదట. టీ మీద టీ తీసుకుపోయాడు. అద్దాలు తుడిచాడు. తుడిచిన బోర్డే మళ్ళీ తుడిచాడు. లోపల గురువేం చేస్తున్నాడో నాకు వచ్చి ఉన్నదున్నట్టే చెప్పాడు, అబద్ధమాడే మనిషి కాదు. మధ్యాహ్నం టీవీలో చెప్పబోయేది అద్దం ముందు నిలబడి అభ్యాసం చేసేవాడట, కర్రతో సహా. ఏ ఆడపిల్ల ఎంతమందిని చేర్పించిందో అడిగేవాడట. గోళ్ళు తీసుకునేవాడట.

"కొన్నాడా?"

"ఇంటి దగ్గర కొంటాడేమో. పూయీ మేస్త్రి కూడా వీపు తిప్పుకుని వేసేవాడు కదా."

వీపు తిప్పుకుంటే వెనకాల మూకుడుందని అర్థం కాదు. ఈ మాట అన్నీ అయిపోయాక అనాలనిపిస్తుంది.

ఏడాది ఆఖర్న ప్రతి యజమానీ పనివాళ్ళకి విందు పెడతాడు కదా, కో గురువు తన శిష్యులకి పెట్టాడు. ఆఫీసు వెనకాల కార్లు ఆపే జాగాలో. వంట ఎవరిదంటారా? శిష్యుడి కానుక. సరుకులు మావి, చాకిరీ మాది, లారీ మాది. బీయున్ ఒప్పుకుంది. "మూకుడు వెతుక్కోవడానికి ఇది ఆఖరు రోజు నాన్నా," అని గుర్తుచేసి మరీ వచ్చింది. నేనూ ఆచునూ కూరలు తరగడానికి వెళ్ళాం. శిష్యులొచ్చారు. సంవత్సరమంతా బోర్డు పచ్చగా ఉన్నా గురువుని చూడగానే లేచి చప్పట్లు కొట్టారు. పోగొట్టుకున్నవాళ్ళే ఎక్కువ గట్టిగా కొట్టారు. ఆ డబ్బు ఎక్కడికీ పోలేదని తమకి తామే చెప్పుకోవాలి కదా.

చల్లటి వంటకాల పళ్ళెం వెళ్ళాక, ఒక చిన్న ముసలామె నెమ్మదిగా పొయ్యిల వెనక్కి వచ్చింది. చేతికి పచ్చరాయి గాజు, మొహం నిండా నవ్వు.

"నేను గురువుగారి తల్లినయ్యా. పళ్ళు లేవు. మెత్తగా, ఉప్పు తక్కువగా ఏమైనా ఉందా?"

మా ఆయన స్టూలు తుడిచి కూర్చోబెట్టాడు. చేప పులుసులోంచి మెత్తటి ముక్క ముల్లు తీసి గిన్నెలో వేసిచ్చాడు. ఆమె తింటూ కబుర్లు మొదలెట్టింది. మంచి మనిషి. కొడుకు గురించి చెప్పుకోవాలని ఉంది, వినేవాళ్ళు దొరికారు.

"మావాడు చిన్నప్పటి నుంచీ నిదానం. ఇన్ని మాటలు చెబుతాడు గానీ నన్ను మాత్రం షేర్ల జోలికి పోనివ్వడయ్యా. మా పక్కింటామె కొంటోందిరా, నేనూ కొంటానంటే ఎంత కోపమొచ్చిందో."

మా ఆయన గరిటె ఆగింది. "మరి ఆయన కొంటాడు కదమ్మా?"

"వాడా? ఒకప్పుడు కొన్నాడు. ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. వాళ్ళ నాన్న పొలం కూడా. అప్పుడు ఒట్టేసుకున్నాడు, మళ్ళీ ముట్టుకోలేదు. ఇప్పుడు వచ్చేదంతా నెలనెలా పోస్టాఫీసులో వేస్తాడు. నా పేరు మీద కూడా వేశాడు," అని గిన్నె చాచింది. "ఇంకొంచెం పెడతావా నాయనా. నీ చెయ్యి బాగుంది."

ఆచున్ నా మోచెయ్యి గిల్లింది. బీయున్ మూకుడు మీదికి వంగిపోయింది, తండ్రి వైపు చూడలేదు. ఆ మాత్రం మర్యాద చూపించింది. మా ఆయన ముసలామెకి ఇంకొంచెం పెట్టాడు. ముల్లు చూసి మరీ పెట్టాడు.

తల్లిని వెతుక్కుంటూ గురువు వచ్చాడు. ఆమె లేచి వెళ్ళాక సిగరెట్టు వెలిగించుకున్నాడు.

"బాగుంది హోక్. అందరూ మెచ్చుకుంటున్నారు."

"సార్, ఒక్కటడుగుతాను. మీరు షేర్లు కొనరా?"

గురువు పొగ వదిలాడు. ఆ ప్రశ్న మొదటిసారి వినడం కాదు, మొహమే చెప్పింది. "నువ్వు వందమందికి వండుతావు. నువ్వెప్పుడైనా ఆ బల్ల దగ్గర కూర్చుని తిన్నావా? నేనూ అంతే. వడ్డించేవాణ్ణి."

ఎంత బాగా చెప్పాడో చూడండి. ఇలాంటివి నోటికి వచ్చు కాబట్టే ఏడో అంతస్తులో ఉన్నాడు. నాకే ఒక్క క్షణం నిజమేననిపించింది.

మా ఆయన గరిటెతో పొయ్యి మీదున్న పులుసు కొంచెం తీసి, ఊది, నాలిక మీద వేసుకున్నాడు. "కూర్చుని తినను సార్. కానీ రుచి చూడకుండా ఒక్క గిన్నె కూడా బల్ల మీదికి పంపను."

"అది మీ పనిలో," అన్నాడు గురువు సిగరెట్టు బూటు కింద నలుపుతూ. "కోడి తొందరగా పంపు. జనం ఎదురుచూస్తున్నారు." వెళ్ళిపోయాడు.

ఆయన కోడి పంపాడు. తర్వాత రొయ్యలు పంపాడు, పీతల అన్నం పంపాడు, తీపి ఉండలు వేయించి పంపాడు. పన్నెండు రకాల్లో ఒక్కదానికీ ఉప్పు తప్పలేదు. నా కోపం దానికే. ఒక్కటైనా మాడ్చి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది.

ఇప్పుడు బజారులో ఆడవాళ్ళు అడుగుతుంటారు నన్ను. టీవీ పోయి ఫోన్లో గురువులు పుట్టుకొచ్చారు కదా. వదినా, మీరు చూసినవారు, డబ్బిచ్చి గురువుని పెట్టుకుంటే లాభమేనా అని. పెట్టుకోండి అంటాను. అతను తన సొంత డబ్బుతో, మీ కళ్ళ ముందు, నాలుగు రోజులు కొని అమ్మి చూపించాక పెట్టుకోండి. పోగొట్టుకుంటే అది కూడా చూపించాలి. చూపించనంటే ఆ ఫీజుతో మంచి రొయ్యలు కొనుక్కోండి, తిన్నామనైనా ఉంటుంది. వాళ్ళు నవ్వుతారు. నవ్వి, ఇంటికి పోయి కట్టేవాళ్ళు కడతారు. మా ఆయనొక్కడే అమాయకుడు అనుకుంటారు. అమాయకుడైతే నాకింత కోపం ఉండేది కాదు. ఒక పని అంత బాగా తెలిసినవాడు, తెలిసిందంతా తీసుకుపోయి తెలియనివాడి కాళ్ళ దగ్గర పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే ఛువా మేస్త్రి వచ్చాడు, ఇంజను చూడ్డానికి ఒక మనిషిని వెంటబెట్టుకుని. మా ఆయన వాకిట్లో ఆవిరి పెట్టెలు కడుగుతున్నాడు. గురువు గురించి మంచీ అనలేదు, చెడూ అనలేదు. చచ్చేదాకా అనలేదు.

"బండి తియ్యి హోక్ అన్నా, చూసుకుని పోతాం. చలి కొరికేస్తోంది," అన్నాడు ఛువా.

మా ఆయన బ్రష్షు ఆపలేదు. "బండి నాది కాదు."

"అదేంటి, నువ్వేగా కబురు పెట్టావు."

"పెట్టినప్పుడు కూడా నాది కాదు. మా మేస్త్రిని అడుగు. లోపలుంది, లేస్తుంది."

ఛువా నా వైపు చూశాడు. నేను లోపలికి చూశాను. బీయున్ తడి జుట్టు తువ్వాలుతో చుట్టుకుని గుమ్మంలో ఉంది, ఎంతసేపటి నుంచి ఉందో.

"అమ్మడం లేదు బాబాయ్," అంది.

"ఇంత దూరం కొండ దాటుకుని వచ్చాను. పెట్రోలు పోసుకుని వచ్చాను. మాటంటే మాట ఉండక్కర్లా?"

"ఉండాలి. మా నాన్నకి లేదు. నిన్నటి విందు కూర మిగిలింది, కూర్చో, వేడి చేసిస్తాను."

ఛువా కాసేపు సణిగాడు. కూర వాసనొచ్చాక కూర్చున్నాడు. రెండు గిన్నెలు తిని, ఇంకొంత సంచిలో కట్టించుకుని, "ఈ చెయ్యి నీదేనా పిల్లా?" అని అడిగి వెళ్ళాడు.

మా అమ్మాయి వాళ్ళ నాన్నని మెచ్చుకోలేదు. నేనూ మెచ్చుకోలేదు. దాచుకున్నదంతా పోయింది, బీయున్ ఆ ఏడు పాత బూట్లతోనే జాతర చేసింది. అమ్మవారి విందు రోజు చీకటితోనే సరుకులెక్కించాక ఆయన అలవాటుగా లారీ స్టీరింగు వైపు తలుపు దగ్గరికి పోయాడు. బీయున్ అప్పటికే అందులో కూర్చుని ఉంది. ఆయన బండి ముందు నుంచి చుట్టు తిరిగి పక్క సీటెక్కాడు. అంత ఫీజు కట్టి ఆయన నేర్చుకున్నది, నేను చూసినంతలో, అదొక్కటే.

"మలుపు దగ్గర మెల్లిగా పోనివ్వు, వెనకాల గుడ్లున్నాయి," అన్నాడు తలుపేసుకుంటూ.

"గుడ్లు ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు నాన్నా. నువ్వు వెల్లుల్లి ఒలుచుకో."

గంప ఆయన ఒళ్ళోనే ఉంది. ఒలుచుకుంటూ వెళ్ళాడు.